గోడలో బ్యాక్టీరియా ఉంటే భయపడాలా? "ఏం కాదులే" అన్న మాటకి 150 ఏళ్ల చరిత్ర

ఈ మధ్య ఫోన్‌లో ఒక రకం వీడియోలు బాగా తిరుగుతున్నాయి. ఒక కాంక్రీట్ దిమ్మకి సన్నని పగులు ఉంటుంది. దాన్ని నీళ్లలో పెడతారు. కొన్ని వారాల తర్వాత చూపిస్తే ఆ పగులు తెల్లగా పూడుకుపోయి ఉంటుంది. "తన గాయం తనే మాన్పుకునే కాంక్రీట్" అని టైటిల్. ఆ పని చేసింది బ్యాక్టీరియా అనగానే చూసేవాళ్లు రెండు జట్లుగా విడిపోతారు. ఒక జట్టు "అబ్బ, సూపర్" అంటుంది. ఇంకో జట్టు "అమ్మో, ఇంటి గోడలో క్రిములా? చంటిపిల్లలు తిరిగే ఇల్లండీ" అంటుంది.

ఈ రెండో జట్టుని చూసి నవ్వేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాత్రం నవ్వను. ఎందుకంటే చరిత్రలో "ఈ క్రిమి ఎవర్నీ ఏం చెయ్యదు" అని పెద్దపెద్దవాళ్లు అనుకుని, చివరికి కోర్టుల దాకా వెళ్లిన సంగతులున్నాయి. అలాగే జనం గుండెలు బాదుకున్నా ఏమీ జరగని సంగతులూ ఉన్నాయి. ఈ ఎపిసోడ్‌లో రెండూ చెప్పుకుందాం. చివరికి, నిజంగా జాగ్రత్త పడాల్సింది ఎక్కడో చూద్దాం. అది చాలామంది అనుకునే చోట లేదు.

కథ ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్ నగరంలో, భూమి కింద మొదలవుతుంది. అక్కడి మురుగు పైపుల కాంక్రీట్ లోపలి పైభాగం నుంచి మెత్తబడి, ముద్దలా రాలిపోయేది. నీళ్లు తగిలే అడుగుభాగం బాగానే ఉంటుంది, నీళ్లు తగలని పైభాగం తినేసినట్టు అవుతుంది. విచిత్రం కదా? 1945లో సి.డి. పార్కర్ అనే శాస్త్రవేత్త ఆ దొంగని పట్టుకున్నాడు. మురుగు అడుగున గాలి అందని చోట కొన్ని బ్యాక్టీరియాలు కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్‌ని తయారుచేస్తాయి. ఆ గ్యాస్ పైకి లేచి పైపు పైభాగంలో ఉన్న చెమ్మలో కలుస్తుంది. అక్కడ ఇంకో రకం బ్యాక్టీరియా కూర్చుని దాన్ని సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మార్చేస్తుంది. ఆ యాసిడ్ కాంక్రీట్‌ని తినేస్తుంది. పార్కర్ ఆ బ్యాక్టీరియాకి థయోబాసిల్లస్ కాంక్రీటివోరస్ అని పేరు పెట్టాడు. ఆ చివరి మాటకి అర్థం "కాంక్రీట్‌ని మింగేది" అని.

అంటే ఇంజనీర్లకి బ్యాక్టీరియాతో మొదటి పరిచయం శత్రువుగానే అయింది. అందుకే తర్వాత ఎవరో వచ్చి "కావాలనే కాంక్రీట్‌లో బ్యాక్టీరియా కలుపుదాం" అంటే, సివిల్ ఇంజనీర్లకి అది దొంగ చేతికి తాళం ఇవ్వడంలా అనిపించి ఉంటుంది.

మరి కలుపుతున్న ఈ బ్యాక్టీరియా ఏ జాతిది? ఇక్కడ ఇంకొంచెం వెనక్కి, 1876కి వెళ్లాలి. ఊరు బ్రెస్లావ్. ఇప్పుడది పోలండ్‌లో ఉంది, పేరు వ్రోట్స్‌వాఫ్. అప్పుడు జర్మన్ రాజ్యంలో ఉండేది. అక్కడ ఫెర్డినాండ్ కోన్ అనే వృక్షశాస్త్ర ప్రొఫెసర్ ఉండేవాడు. కర్రపుల్లల్లా ఉండే బ్యాక్టీరియాకి 1872లో బాసిల్లస్ అని జాతి పేరు పెట్టింది ఆయనే. ఈ పుల్లల్లో కొన్నింటికి ఒక విద్య ఉందని ఆయన గమనించాడు. తిండి దొరకనప్పుడు, ఎండినప్పుడు అవి తమ లోపల ఒక గట్టి గింజ కట్టుకుని అందులో దాక్కుంటాయి. ఆ గింజనే స్పోర్ అంటారు. మరిగే నీళ్లలో వేసినా అది చావదు. మళ్లీ తడి, తిండి దొరికితే మొలక వచ్చినట్టు లేస్తుంది.

అదే 1876 ఏప్రిల్ నెలాఖర్లో రాబర్ట్ కోక్ అనే ఒక చిన్న ఊరి డాక్టర్ తన మైక్రోస్కోప్ పట్టుకుని కోన్ దగ్గరికి వచ్చాడు. పశువులని చంపే ఆంత్రాక్స్, మన పల్లెల్లో దొమ్మ రోగం అంటారు చూడండి, దాని క్రిమి కూడా ఇలాగే స్పోర్‌గా మారి మట్టిలో బతుకుతుందని చూపించాడు. మన విశాఖ ఏజెన్సీలో చచ్చిన పశువు మాంసం కోసినవాళ్లకి అప్పుడప్పుడూ ఆంత్రాక్స్ పుండ్లు వచ్చాయని వార్తలు వస్తుంటాయి కదా, ఆ క్రిమే ఇది.

ఇప్పుడు అసలు ముడి చూడండి. ఆంత్రాక్స్ క్రిమి పేరు బాసిల్లస్ ఆంత్రాసిస్. కాంక్రీట్‌లో వాడే వాటిలో ఒకదాని పేరు బాసిల్లస్ కోనీ. ఆ ప్రొఫెసర్ కోన్ గౌరవార్థం పెట్టిన పేరే. రెండూ ఒకే ఇంటిపేరు. ఒకటి పశువుల్ని చంపుతుంది, ఇంకొకటి గోడకి అతుకు వేస్తుంది. జనం భయానికి మూలం ఇక్కడే ఉంది. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన గుణం ఒకటి కాదు, సరే. కానీ స్పోర్ కట్టే విద్య మాత్రం రెండింటికీ ఒకటే.

ఆ విద్య ఎంత మొండిదో స్కాట్లండ్ పక్కన గ్రూనార్డ్ అనే చిన్న దీవి చెబుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, బ్రిటిష్ సైన్యం అక్కడ గొర్రెల్ని కట్టేసి ఆంత్రాక్స్ బాంబు పరీక్షలు చేసింది. గొర్రెలు చచ్చిపోయాయి. స్పోర్లు మట్టిలో ఉండిపోయాయి. దశాబ్దాల పాటు ఆ దీవి మీద మనిషి అడుగు పెట్టకూడదని బోర్డులు పెట్టారు. 1986లో సుమారు 280 టన్నుల ఫార్మాల్డిహైడ్‌ని సముద్రపు నీళ్లలో కలిపి నేలని తడిపారు. 1990లో గానీ "ఇక పర్లేదు" అనలేదు. అంతకి 48 ఏళ్లు పట్టింది.

ఇప్పుడు కాంక్రీట్ సంగతికి వద్దాం. ఇక్కడ రెండు దారులు ఉన్నాయి. ఈ రెండూ వేరని తెలియకపోతే సేఫ్టీ గురించి మాట్లాడటం దండగ.

మొదటి దారి యూరియా దారి. 1889లో పియెర్ మికెల్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త యూరియాని విరగ్గొట్టే ఒక బ్యాక్టీరియాకి లూయీ పాశ్చర్ పేరు పెట్టాడు. ఈయన పారిస్‌లో గాలిలో ఎన్ని క్రిములు తిరుగుతున్నాయో లెక్కపెట్టినవాళ్లలో మొదటివాడు. ఆ బ్యాక్టీరియాని తర్వాత బాసిల్లస్ పాశ్చరై అన్నారు, 2001 నుంచి స్పోరోసార్సినా పాశ్చరై అంటున్నారు. ఇది యూరియాని విరగ్గొడితే కార్బొనేట్ వస్తుంది. పక్కన కాల్షియం ఉంటే రెండూ కలిసి కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి అవుతుంది. 1973లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. మట్టిలో ఉండే చాలా బ్యాక్టీరియాలు సరైన తిండి పెడితే ఇలా రాయి కట్టగలవని అందులో తేలింది. అంటే ఇదేదో అరుదైన మాయ కాదు, మన కాళ్ల కింద మట్టిలో రోజూ జరిగే పనే.

1993లో ఫ్రాన్స్‌లో తువార్ అనే ఊళ్లో సెయింట్ మెదార్ చర్చి బురుజు రాళ్లు అరిగిపోతుంటే, రాయి కట్టే బ్యాక్టీరియాని వాటి మీద చల్లి పైన పల్చటి పొర కట్టించారు. 2001లో అమెరికాలో సౌత్ డకోటా నుంచి రామకృష్ణన్, బ్యాంగ్ వాళ్ల బృందం ఈ పాశ్చరై బ్యాక్టీరియాతోనే కాంక్రీట్ పగుళ్లు పూడ్చిన పరిశోధన అచ్చయింది. మన దేశంలో పటియాలాలోని థాపర్ యూనివర్సిటీ ఈ దారిలో బాగా పనిచేసింది. మన హైదరాబాద్ జేఎన్‌టీయూలో బాసిల్లస్ సబ్టిలిస్ జేసీ3 అనే మట్టి బ్యాక్టీరియాని కాంక్రీట్‌లో కలిపి పరీక్షలు చేశారు. సబ్టిలిస్ అంటే ఎవరో కాదు, 1876లో కోన్ స్పోర్లు చూసిన ఆ పాత నేస్తమే.

రెండో దారి లాక్టేట్ దారి. 2006లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీలో హెంక్ యోంకర్స్ అనే మైక్రోబయాలజిస్ట్ దీని మీద పని మొదలుపెట్టాడు. కాంక్రీట్ లోపల క్షారం విపరీతంగా ఉంటుంది, పీహెచ్ 12 దాటుతుంది. మామూలు క్రిమి అక్కడ బతకదు. అందుకని క్షారంలోనే పుట్టి పెరిగే జాతుల్ని పట్టుకున్నాడు. మన దేశంలో మహారాష్ట్ర లోణార్ సరస్సు ఉంది చూడండి, అలాంటి సోడా సరస్సుల్లో, క్షార నేలల్లో ఉండే రకాలు. బాసిల్లస్ కోనీ, బాసిల్లస్ సూడోఫర్మస్ ఆ కోవవే. వీటికి తిండిగా యూరియా పెట్టకుండా కాల్షియం లాక్టేట్ పెట్టాడు. పెరుగు పులిస్తే వచ్చే లాక్టిక్ యాసిడ్ ఉంది కదా, దాని కాల్షియం ఉప్పు అది.

స్పోర్లని నేరుగా సిమెంట్‌లో కలిపితే కొన్ని నెలలకే పోయేవి. సిమెంట్ గట్టిపడేకొద్దీ లోపలి సందులు ఒక మైక్రాన్ కంటే చిన్నవైపోయి వాటిని నలిపేస్తాయి. అందుకని స్పోర్లనీ తిండినీ చిన్నచిన్న మట్టి గుళికల్లో దాచి కలిపారు. పగులు వచ్చినప్పుడు గుళిక పగిలి, నీళ్లు లోపలికి దిగి, స్పోర్ మేలుకుని, లాక్టేట్ తిని, రాయి కట్టి, మళ్లీ నిద్రపోతుంది. ఐడియా ఇంతే. 2015లో యోంకర్స్ యూరోపియన్ ఇన్వెంటర్ అవార్డ్ ఫైనలిస్టుల్లో ఒకడయ్యాడు.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ బ్యాక్టీరియా మనకి జబ్బు చేస్తుందా?

ఇందాక కోర్టుల దాకా వెళ్లిందన్నానే, ఆ కథ వినండి. 1950 సెప్టెంబర్. అమెరికా నౌకాదళం ఓడ ఒకటి శాన్ ఫ్రాన్సిస్కో తీరం దగ్గర ఆగి, దాదాపు వారం రోజుల పాటు బ్యాక్టీరియాని పొగమంచులోకి చల్లింది. శత్రువు క్రిములు చల్లితే ఊరంతా ఎలా పాకుతాయో తెలుసుకోవడానికి. రెండు రకాలు చల్లారు. ఒకటి సెరేషియా మార్సెసెన్స్. ఎర్ర రంగులో పెరుగుతుంది, వెతకడానికి సులువు. రెండోది బాసిల్లస్ గ్లోబిగై. అవును, మన బాసిల్లస్ ఇంటివాడే. రెండూ మనుషుల్ని ఏం చెయ్యవని అప్పటి నమ్మకం. ఊళ్లో సుమారు 8 లక్షల జనం. ఒక్కరికీ చెప్పలేదు.

ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్ హాస్పిటల్‌లో 11 మందికి సెరేషియా ఇన్ఫెక్షన్ కనిపించింది. అది అంతకుముందు అంతగా చూడని ఇన్ఫెక్షన్ కాబట్టి డాక్టర్లు ఆశ్చర్యపోయి 1951లో మెడికల్ పత్రికలో రాశారు. వాళ్లలో ఎడ్వర్డ్ నెవిన్ అనే రిటైర్డ్ పైప్ ఫిట్టర్ చనిపోయాడు. ఆయనకి అప్పుడే ప్రోస్టేట్ ఆపరేషన్ అయింది. క్రిమి గుండె కవాటానికి పట్టింది. ఆయన కుటుంబానికి అసలు సంగతి పాతికేళ్ల తర్వాత, 1976లో పేపర్లో వస్తే తెలిసింది. మనవడు లాయర్. కేసు వేశాడు. 1981లో విచారణ జరిగింది, ఓడిపోయాడు. సైన్యం చల్లిన క్రిమే ఈయన్ని చంపిందని రుజువు కాలేదు. హాస్పిటల్‌లో అంటిన ఇన్ఫెక్షన్ కావచ్చని సైన్యం వాదించింది. ఇప్పటికీ అది తేలని లెక్కే.

ఈ కథలో మనకి పనికొచ్చేది ఒకటుంది. "హానిచెయ్యదు" అన్న మాట ఎవరి విషయంలో? ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల సైనికుడికి ఏం చెయ్యని క్రిమి, ఆపరేషన్ అయ్యి గొట్టాలతో మంచం మీద ఉన్న పెద్దాయన్ని చెయ్యగలదు. సెరేషియాని ఇవాళ ఏ డాక్టరూ హానిలేని క్రిమి అనడు. హాస్పిటల్ ఇన్ఫెక్షన్ల లిస్టులో దాని పేరు మామూలే.

మరి కాంక్రీట్ బ్యాక్టీరియా? స్పోరోసార్సినా పాశ్చరైని ల్యాబుల్లో అతి తక్కువ ప్రమాదం ఉన్న మొదటి స్థాయిలో పెట్టి వాడతారు. కోనీ, సూడోఫర్మస్‌లకి మనుషులకి జబ్బు చేస్తాయన్న పేరు లేదు. మన రక్తం పీహెచ్ 7.4. క్షారంలో హాయిగా ఉండే జీవికి అది ఇష్టమైన చోటు కాదు. సబ్టిలిస్ సంగతి అయితే జపాన్‌లో దాని రకంతో సోయా గింజలు పులియబెట్టి నట్టో అని రోజూ తింటారు. కాకపోతే ఒంట్లో రోగనిరోధక శక్తి బాగా తగ్గిపోయినవాళ్లలో సబ్టిలిస్ కూడా అరుదుగా ఇన్ఫెక్షన్ తెచ్చిన కేసులున్నాయి. అందుకే యూరప్‌లో ఆహార భద్రత సంస్థ, ఏఫ్సా, 2007 నుంచి "ముందే సేఫ్ అనుకోదగ్గ" బ్యాక్టీరియాల లిస్టు నడుపుతూ, బాసిల్లస్ జాతుల్ని అందులో చేర్చినా ఒక షరతు పెట్టింది. వాడే రకం విషం తయారుచెయ్యకూడదు.

ఆ షరతు ఎందుకంటే, ఈ ఇంట్లోనే బాసిల్లస్ సీరియస్ అని ఒకడున్నాడు. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేసి, మర్నాడు ఫ్రైడ్ రైస్ చేస్తే వాంతులు పట్టిస్తాడు. 1970లలో బ్రిటన్‌లో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్లు పడిపోతుంటే వీడి సంగతి బాగా బయటపడింది. ఉడికించినా స్పోర్ చావదు, అదీ కథ. అందుకని "బాసిల్లస్ వాడాం" అంటే సరిపోదు. ఏ రకం, ఎవరు పరీక్షించారు, బకెట్లో వేరే రకం కలవలేదని ఎలా తెలుసు? ల్యాబ్‌లో శుద్ధంగా పెంచడం వేరు, సైట్ పక్కన డ్రమ్ములో కలిపి పెంచడం వేరు. డ్రమ్ములో ఏం పెరుగుతుందో డ్రమ్ముకే తెలియాలి.

ఇంకో సంగతి దుమ్ము. గోడ గట్టిగా ఉన్నంత కాలం స్పోర్ లోపల ఖైదీ. గోడకి డ్రిల్ వేసినప్పుడు, ఇల్లు కూల్చినప్పుడు బయటికి వస్తుంది. 2010లో సింగపూర్‌లో ఒక హాస్పిటల్‌లో బాసిల్లస్ సీరియస్ ఉన్నట్టుండి పెరిగింది. వెతికితే పక్కన జరుగుతున్న కట్టుబడి పనీ, లాండ్రీలో బట్టలు చేసే తీరూ కారణాలుగా తేలాయి. అక్కడ ఎవరూ బ్యాక్టీరియా కాంక్రీట్ వాడలేదు, మామూలు పనే. కానీ స్పోర్లు ఎలా ప్రయాణిస్తాయో ఆ సంఘటన చూపించింది. కాబట్టి హాస్పిటల్ ఐసీయూ పక్క గోడకి ఈ కాంక్రీట్ వాడాలా వద్దా అని అడగడం పిరికితనం కాదు. ఫ్లైఓవర్‌కి వాడటం, ఐసీయూకి వాడటం రెండూ ఒకే లెక్క కాదు.

ఇప్పటిదాకా క్రిమి గురించి మాట్లాడుకున్నాం. కానీ నా లెక్కలో క్రిమి కంటే పెద్ద సంగతి అది వదిలే గ్యాస్. ఇది యూరియా దారిలో వస్తుంది.

స్కూల్లో చదివిన కెమిస్ట్రీనే. ఒక యూరియా అణువు విరిగితే ఒక కార్బొనేట్, రెండు అమ్మోనియాలు. 100 గ్రాముల సున్నపురాయి కావాలంటే 60 గ్రాముల యూరియా, దాంతో పాటు 34 గ్రాముల అమ్మోనియా. మన రైతులు లైన్లో నిలబడి తెచ్చుకునే 45 కిలోల యూరియా బస్తా మొత్తం ఈ పనికి వాడితే 75 కిలోల రాయి వస్తుంది, 25 కిలోలకి పైగా అమ్మోనియా కూడా వస్తుంది. పని చేసేచోట గాలిలో అమ్మోనియా సగటున 25 పీపీఎం దాటకూడదని అమెరికాలో నియోష్ అనే సంస్థ చెబుతుంది. కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది.

ఇది ఊహ కాదు, జరిగిన చరిత్ర. చైనా ఉత్తరాన చలికాలంలో నీళ్లు గడ్డకట్టకుండా కాంక్రీట్‌లో యూరియా ఉన్న మందు కలిపేవాళ్లు. బ్యాక్టీరియా ఏమీ లేదు, కాంక్రీట్‌లో ఉన్న క్షారమే యూరియాని విరగ్గొట్టింది. కొత్త ఫ్లాట్లలో, ఆఫీసుల్లో గోడల నుంచి అమ్మోనియా వాసన రావడం మొదలైంది. చివరికి 2001లో చైనా ప్రభుత్వం ఒక స్టాండర్డ్ తెచ్చింది. కాంక్రీట్‌లో కలిపే మందుల నుంచి వెలువడే అమ్మోనియా 0.10 శాతం దాటకూడదని. జనం ముక్కులు మండాక వచ్చిన రూల్ అది.

ఇంకో ఉదాహరణ 2010లో, నెదర్లాండ్స్‌లో. గ్యాస్ పైప్‌లైన్ కోసం నేలలో బోర్ వెయ్యాలి, గులకరాళ్లు కూలిపోతున్నాయి. బ్యాక్టీరియా, యూరియా పంపించి సుమారు 1000 ఘనమీటర్ల నేలని గట్టిపరిచారు. పని బాగానే అయింది. కానీ అమ్మోనియం భూగర్భ జలంలో మిగిలిపోకూడదు కదా? అందుకని ఆ నీళ్లని తోడి, అమ్మోనియం మామూలు స్థాయికి వచ్చేదాకా తీశారు. చూడండి, బ్యాక్టీరియాని ఎవరూ ఏమీ అనలేదు. శుభ్రం చెయ్యాల్సి వచ్చింది అది వదిలినదాన్ని. యోంకర్స్ లాక్టేట్ దారిలో ఈ అమ్మోనియా బాధ లేదు, కానీ ఖర్చు ఎక్కువ. చవకగా కావాలంటే యూరియా, శుభ్రంగా కావాలంటే లాక్టేట్. మన దేశంలో ఏది ముందు వస్తుందో మీరే ఊహించుకోండి.

మూడో భయం జన్యుమార్పిడి. ఇప్పటిదాకా చెప్పినవన్నీ ప్రకృతిలో దొరికినవే. కానీ 2010లో ఐజెమ్ అనే పోటీలో బ్రిటన్‌లోని న్యూకాసిల్ యూనివర్సిటీ విద్యార్థులు బాసిల్లస్ సబ్టిలిస్‌కి జన్యువులు మార్చి బాసిల్లాఫిల్లా అని తయారుచేశారు. పగుల్లోకి ఈదుకుంటూ వెళ్లి, అక్కడ రాయీ జిగురూ కట్టేలా. బయటికి పాకకుండా తనని తాను చంపుకునే స్విచ్ కూడా డిజైన్‌లో పెట్టారు. స్టూడెంట్లు అడగకుండానే ఆ స్విచ్ గురించి ఆలోచించారంటే, దాని వెనక కూడా చరిత్ర ఉంది. 1975 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అసిలోమార్‌లో శాస్త్రవేత్తలే కూర్చుని, మనం చేస్తున్న ఈ జన్యు పనికి హద్దులు ఏంటి అని తమకి తామే రూల్స్ రాసుకున్నారు. 1987లో మార్చిన బ్యాక్టీరియాని మొదటిసారి పొలంలో, స్ట్రాబెర్రీ మొక్కల మీద చల్లినప్పుడు చల్లినవాళ్లు వ్యోమగాముల్లా సూట్లు వేసుకున్నారు. ఆ ఫోటోలు చూసి జనం ఇంకా భయపడ్డారు. ఆ బ్యాక్టీరియా వల్ల తర్వాత ఏ ప్రమాదమూ జరగలేదు. ఇది భయపడినంత కాని కథ.

మన దగ్గర 1984లో భోపాల్ జరిగింది. దాని తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, దాని కింద 1989 డిసెంబర్‌లో హానికర సూక్ష్మజీవులు, జన్యుమార్పిడి జీవుల మీద రూల్స్ వచ్చాయి. జన్యువులు మార్చిన బ్యాక్టీరియాని కాంక్రీట్‌లో కలిపి ఊరి మీదకి వదలాలంటే ఆ రూల్స్ దాటాలి. రూల్ ఉంది, మంచిదే. దాన్ని సైట్ దాకా తీసుకెళ్లడం మన పని.

ఇప్పుడు ఒక్కసారి తక్కెడ పెడదాం. ఒక పక్క బ్యాక్టీరియా. ఇంకో పక్క, ఆ బ్యాక్టీరియాని ఏ సిమెంట్‌లో కలుపుతున్నామో ఆ సిమెంట్.

తడి సిమెంట్ చర్మాన్ని కాలుస్తుంది. అందులో ఉండే ఒక రకం క్రోమియం వల్ల తాపీ పనివాళ్లకి తామర లాంటి పుండ్లు పడతాయి. యూరప్ 2005 నుంచి ఆ క్రోమియం 2 పీపీఎం దాటకూడదని కట్టడి చేసింది. కాంక్రీట్ కోస్తే వచ్చే సన్నని సిలికా దుమ్ముని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1997లోనే క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టింది. ఊపిరితిత్తులు రాయి కట్టే సిలికోసిస్ సంగతి సరేసరి. ఇక సిమెంట్ రేకులు. 1901లో ఆస్ట్రియాలో లుడ్విగ్ హాచెక్ సిమెంట్‌లో ఆస్బెస్టాస్ కలిపి పేటెంట్ తీసుకున్నప్పుడు అది అద్భుతం అన్నారు. కాలదు, కుళ్లదు, చవక. దాని పోగులు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ తెస్తాయని లోకం ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది. యూరప్ 2005కల్లా పూర్తిగా నిషేధించింది. మన ఊళ్లలో ఆ రేకులు ఇంకా పైకప్పుల మీద ఉన్నాయి.

ఆస్బెస్టాస్ పాఠం ఏంటంటే, కొత్త మెటీరియల్ ప్రమాదం ఇంట్లో ఉండేవాళ్ల కంటే ముందు దాన్ని కలిపేవాళ్లకి, కోసేవాళ్లకి, కూల్చేవాళ్లకి తగులుతుంది. మన దగ్గర వాళ్లెవరు? పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి ఊళ్లు వదిలి వెళ్లి నగరాలు కట్టినవాళ్లు. ముక్కుకి తువ్వాలు గుడ్డ తప్ప ఇంకేమీ లేకుండా స్లాబులు పోసినవాళ్లు. వీడియోలో పగులు పూడుకుపోవడం చూసి ఆశ్చర్యపోతాం, ఆ గుళికల బస్తా ఎవరు విప్పారో వీడియోలో ఉండదు. గోడలో క్రిమి ఉందని భయపడే మనం, సిమెంట్ బస్తా విప్పే మనిషికి మాస్క్ లేదని భయపడం.

చివరగా, అందరూ మరిచిపోయే ప్రమాదం ఒకటి చెప్పి ముగిస్తాను. ఈ బ్యాక్టీరియా పూడ్చేది సుమారు 0.8 మిల్లీమీటర్ల లోపు సన్నని పగుళ్లని. నీళ్లు లోపలికి దిగి ఇనుము తుప్పు పట్టకుండా కాపాడటం దాని పని. అది చాలా మంచి పని. కానీ పునాది కుంగి వచ్చిన పగులుని, ఇనుము తక్కువ వేసినందుకు వచ్చిన పగులుని అది బాగుచెయ్యదు. పైకి తెల్లగా పూడినట్టు కనిపిస్తుంది, లోపల జబ్బు అలాగే ఉంటుంది. పగులు అంటే బిల్డింగ్ మనతో మాట్లాడే భాష. ఆ నోరు మూసేస్తే కట్టినవాడికి హాయి, ఉండేవాడికి కాదు.

కాబట్టి రేపు ఎవరైనా బిల్డర్ మీకు "సెల్ఫ్ హీలింగ్ కాంక్రీట్ సార్" అని బ్రోచర్ చూపిస్తే, "అమ్మో క్రిములు" అని పారిపోవద్దు, "సూపర్" అని సంతకమూ పెట్టొద్దు. ఏ బ్యాక్టీరియా, పేరు చెప్పండి అని అడగండి. యూరియాతోనా, లాక్టేట్‌తోనా? జన్యువులు మార్చిందా, సహజమైనదా? కలిపే పనివాళ్లకి మాస్క్, గ్లోవ్స్ ఇస్తున్నారా? ఇంజనీర్ వచ్చి పగుళ్లు చూసే పని మానేస్తారా, కొనసాగిస్తారా? ఈ ప్రశ్నలకి జవాబు చెప్పగలిగినవాడు నిజంగా పని తెలిసినవాడు. "ఏం కాదులే సార్" అన్నవాడికి మాత్రం శాన్ ఫ్రాన్సిస్కో కథ ఒకసారి చెప్పండి.

అక్కడ తప్పు జరిగింది బ్యాక్టీరియాని వాడినందుకు మాత్రమే కాదు. ఎవరి గాలిలోకి వదిలారో వాళ్లని అడగనందుకు కూడా.

ఉంటాను ఫ్రెండ్స్. ఇంట్లో తాపీ పని జరుగుతుంటే, ముందు మేస్త్రీకి ఒక మాస్క్ కొనివ్వండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం.